బొచ్చుకోటు మనిషి పుస్తకాలు

ఓడరేవు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా పనిచేశాను. ఉత్తరం నేను తయారుచేసేదాన్ని, సంతకం మేనేజరు పెట్టేవాడు. బహుశా అందుకేనేమో, ఉత్తర ధ్రువయాత్ర చేసిన ఆ నల్లజాతి మనిషి కథ నన్ను అంతగా పట్టుకుంది. ఎవరో నావికుడు మా ఆఫీసులో వదిలేసిన పుస్తకంలో అతని గురించి మొదటిసారి చదివాను. మంచు మీద కుక్కలు లాగే స్లెడ్జి బళ్ళు బాగుచేసింది, కుక్కల్ని తోలింది, అక్కడి జనం భాష నేర్చుకుని వాళ్ళతో కలిసిపోయింది అతనే. అప్పట్లో పతకాలు మాత్రం యాత్ర నడిపిన తెల్ల నాయకుడికి వచ్చాయి. ఇతనికి దక్కింది గుమాస్తా ఉద్యోగం.

అప్పటినుంచి అతని గురించి వచ్చిన పుస్తకాల మొదటి ముద్రణలు పోగుచెయ్యడం నాకు పిచ్చయిపోయింది.

ఆ పుస్తకాలు నాకు దొరికింది వన్‌టౌన్‌లో ఒక పాత సామాన్ల షాపులో. ఓడల్లోంచి తీసేసిన తాళ్ళు, లాంతర్లు, పింగాణీ పళ్ళేలు, వాటి మధ్య పుస్తకాల కట్టలు ఉండేవి. ఆ షాపు ముసలాయన్ని నేను భాయ్ అని పిలిచేదాన్ని. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. మొదటి ముద్రణ అని తెలియడానికి, పుస్తకం పేరున్న పేజీ వెనక ఏ గుర్తు చూడాలో ఒకసారి చూపించాను. ఆ తర్వాత నాకంటే ఆయన కన్నే చురుగ్గా పనిచేసింది. ఏ ఓడ పుస్తకాలొచ్చినా, బొచ్చుకోటులో ఉన్న ఆ యాత్రికుడి ఫొటో కోసం ముందు బొమ్మలు తిరగేసి చూసేవాడు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "అమ్మా, బేగి రండి. బొచ్చుకోటు మనిషి దొరికాడు!"

వెళ్ళేసరికి బల్ల మీద ఉంది. ఆ యాత్రికుడు తన గురించి తానే రాసుకున్న పుస్తకం, మొదటి ముద్రణ. ఓడలో తడిసి, పేజీలు అతుక్కుపోయి వచ్చిందట. భాయ్ పేజీకీ పేజీకీ మధ్య పల్చటి కాగితం పెట్టి, ఫ్యాను కింద రోజుల తరబడి ఆరబెట్టి, ఒక్క పేజీ చిరగకుండా విడదీశాకే నాకు చెప్పాడు.

రిటైరయ్యాక మధురవాడలో ఒక కాలేజీవాళ్ళు నా పుస్తకాలు ప్రదర్శనకు పెట్టి, నన్ను మాట్లాడమన్నారు. భాయ్‌ని కూడా రమ్మన్నాను. షాపు మూసి, రెండు బస్సులు మారి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. నేను అరగంట మాట్లాడాను. కష్టం ఒకరిది, పేరు ఒకరిది కావడం ఎంత అన్యాయమో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి లేచి, "ఈ అరుదైన పుస్తకం మీకెలా దొరికింది మేడమ్?" అంది.

"పాత సామాన్లలో వెతికి పట్టుకున్నానమ్మా," అన్నాను.

టీలు ఇచ్చే వేళకు భాయ్ లేడు.

మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆయన నా కళ్ళెదుటే ఉన్నాడు. ఆ పుస్తకం కనిపెట్టిన ఘనత నాదే కావాలనిపించింది, అంతే.

వారం తర్వాత షాపుకెళ్ళాను. కుర్చీ తుడిచి వేశాడు, మర్యాదకు లోటు లేదు.

"చెప్పకుండా వెళ్ళిపోయారేంటి భాయ్?"

"బస్సు దొరకదని, అమ్మా."

"పుస్తకాలేమైనా వచ్చాయా?"

"ఇప్పుడు ఓడలోళ్ళు పుస్తకాలేటి సదువుతారమ్మా? అందరూ ఫోన్లే సూత్తన్నారు."

అది నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాత ఆయన నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు.

ఈ మధ్య ఆ కాలేజీకే పుస్తకాలన్నీ ఇచ్చెయ్యాలనుకుని జాబితా రాశాను. ప్రతి పుస్తకానికి ఎదురుగా ఒక గడి గీసి, అది ఎవరి ద్వారా దొరికిందో కూడా రాద్దామనుకున్నాను. కలం అక్కడే ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళ పరిచయంలో ఆయన పేరేంటో నేను అడగలేదు. ఫోనులో చూస్తే "పాత సామాన్ల షాపు" అని ఉంది.

షాపు మూసేశాడని, గాజువాకలో కూతురి దగ్గర ఉంటున్నాడని పక్కషాపువాళ్ళు చెబితే వెతుక్కుంటూ వెళ్ళాను. మోకాలికి కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. జాబితా చూపించి, "మీ పూర్తి పేరు చెప్పండి భాయ్, ఇక్కడ రాస్తాను," అన్నాను.

కాగితం దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి నా చేతిలో పెట్టేశాడు.

"ఒద్దమ్మా. ఆరోజు అందరి ముందూ సెప్పుంటే సంతోసించీవోణ్ణి. ఇప్పుడు రాత్తే నాను అడుక్కున్నట్టుంటాది."

"తప్పు నాదే భాయ్."

"నానేటీ అన్లేదు కదమ్మా. టీ తాగండి, సల్లారిపోతాది."

తాగాను. మోకాలి నొప్పి గురించీ, గాజువాక దోమల గురించీ మాట్లాడాడు. పుస్తకాల మాట ఇద్దరం ఎత్తలేదు. వచ్చేటప్పుడు ఆయన కూతురు గేటు దాకా వచ్చింది. ఆమెను అడిగితే పేరు చెప్పేదే. అడగలేదు. వద్దన్న మనిషి పేరు వెనకనుంచి తీసుకోవడం నాకు చేతకాలేదు.

జాబితా అలాగే ఇచ్చేశాను. కాలేజీవాళ్ళు ఆ ఖాళీ గడులు దేనికని కూడా అడగలేదు.