దానయ్య కొన్న విలాయతీ బండి

దానయ్య ముప్పై ఏళ్లు యూనివర్సిటీ బస్సు నడిపాడు. పొద్దున సీతాఫల్‌మండిలో ఎక్కించుకున్న పిల్లల్ని ఆర్ట్స్ కాలేజీ దగ్గర దింపేవాడు, సాయంత్రం మళ్లీ తెచ్చి ఎక్కించుకున్నచోటే వదిలేవాడు. ఆ బస్సు నలభై దాటదు. దాటకుండా ఇంజనుకు సీలు వేసి ఉండేది. క్యాంపస్‌లో గొడవల రోజుల్లో వెనకనుంచి రాళ్లు పడుతున్నా ఆయన ఆ నలభైలోనే పారిపోయాడు. తొంభై ఏడులో రిటైరయ్యే నాటికి ఆయనకు మిగిలిన కోరిక ఒకటే. జీవితంలో ఒక్కసారి గట్టిగా తొక్కాలి.

బాపట్ల వైపు నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్లది. భార్య చిట్టెమ్మ చర్చిలో సండే స్కూలు నడిపేది. రిటైరైతే వచ్చిన డబ్బు బ్యాంకులో వేయాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట మీద ఇద్దరికీ ఏ తేడా లేదు. అంతలో నల్లకుంటలో దివాకర్ అనే కాంట్రాక్టరు తన విలాయతీ బండి అమ్ముతున్నాడని తెలిసింది.

చూడ్డానికి జీపులా ఎత్తుగా ఉన్నా లోపల తోలు సీట్లు, మీట నొక్కితే దిగే అద్దాలు, ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను. దానయ్య బేరం మొదలుపెట్టకముందే దివాకర్ ధర తగ్గించాడు. దానయ్య దాన్ని మంచితనం అనుకుని, బ్యాంకులో వేయాల్సిన డబ్బుతో బండి కొనేశాడు.

బండికి క్లచ్ లేదు. గేర్లు వాటంతటవే పడతాయి. ముప్పై ఏళ్లు క్లచ్ తొక్కిన ఎడమకాలు ఆ సంగతి ఒప్పుకోలేదు. సందు మొదట్లో అలవాటుగా బలంగా తొక్కితే అది వెడల్పాటి బ్రేకు మీద పడి, బండి ఉన్నచోటే నిలబడిపోయింది. చిట్టెమ్మ నుదురు అద్దానికి కొట్టుకుంది.

"చర్చికి నడిచే వెళ్దాం," అంది ఆమె నుదురు రుద్దుకుంటూ. "దగ్గరేగా."

మర్నాడు లేచేసరికి బండి ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. వీధి చివర అంబాసిడర్లు బాగుచేసే మెకానిక్ బిక్షపతిని పిలుచుకొచ్చాడు దానయ్య. బిక్షపతి కిందికి దూరి, చాలాసేపు అక్కడే ఉండి, బయటికి వచ్చాడు.

"స్ప్రింగులు లేవన్నా గీ బండికి. గాలి బుడ్డలున్నయి. ఒకటి కారుతున్నది."

"కొత్తది వేస్తే?"

"గీడ దొరకది. బొంబాయి నుంచి తేవాలె. ఒక్కోటి పదకొండు వేలు."

"వెయ్యకపోతే?"

"రాత్రి కూసుంటది, ఇంజన్ షురూ చేస్తే లేస్తది. ముసలోళ్లకు ఎక్కనీకి మంచిగనే ఉంటది."

దానయ్య బుడ్డ మార్పించలేదు. వానాకాలంలో ఎడమపక్క అద్దం కిందికి దిగి పైకి రావడం మానేసింది. దాని మోటారు నాలుగు వేలన్నారు. చిట్టెమ్మ బండిలోపల గొడుగు వేసుకుని కూర్చునేది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందని కూడా అప్పటికి తేలింది.

ఇన్ని జరిగినా ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు ఎక్కాడు. రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కాడు. ముల్లు ఎనభై దాటింది, వంద దాటింది, నూట ఇరవై దగ్గర వణికింది. చెట్లు అంత వేగంగా వెనక్కి పోవడం ఆయన మొదటిసారి చూశాడు. ఒళ్లంతా తేలికైంది. తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. మరుగుతున్న ఇంజను చల్లారేదాకా గట్టు మీద కూర్చుని, ఒక లారీ వెనక తాడుతో కట్టించుకుని తార్నాక చేరాడు.

రేడియేటరుకు అతుకు వేయించాడు. అయినా మరగడం మానలేదు. పదిహేను రోజుల్లో గేరుబాక్సులో రివర్స్ పోయింది. బిక్షపతి బొంబాయికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"ఎనభై వేలంటున్నరన్నా. అది కూడా సెకండ్ హ్యాండ్."

దానయ్య అదీ మార్పించలేదు. ఆ రోజు నుంచి వెనక్కి వెళ్లే పని రాకుండా బతకడం నేర్చుకున్నాడు. సొంత సందుకు అవతలి దారి లేదు కాబట్టి బండిని మెయిన్ రోడ్డు మీదే పెట్టేవాడు. క్యాంపస్‌లో చుట్టు తిరిగి రాగల రోడ్లన్నీ ఆయనకు కంఠస్థమే. ఎక్కడైనా ఇరుక్కుంటే కుర్రాళ్లు వచ్చి వెనక్కి తోసేవాళ్లు. వాళ్లలో కొందరు ఆయన బస్సు ఎక్కినవాళ్లే.

మాఘమాసంలో ఒక సాయంత్రం బిక్షపతి ఆయాసపడుతూ వచ్చాడు. వాళ్ల అన్న కొడుకు పెళ్లి. బరాత్ ఊరేగింపుకు మాట్లాడుకున్న కారు రాలేదు.

"అన్నా, నీ బండి కావాలె."

"అది వెనక్కి పోదుగా, బిక్షపతీ."

"పెండ్లికొడుకు వెనక్కి ఎందుకు పోతడన్నా?"

 దానయ్య బండికి బంతిపూలు కట్టించుకుని సీతాఫల్‌మండి వెళ్లాడు. బ్యాండు ముందు నడుస్తోంది, వెనక బండి, లోపల పెళ్లికొడుకు. వంద గజాలు పోయేసరికి ఆవిరి లేచింది. దానయ్య బండి ఆపాడు, బిక్షపతి నీళ్ల డబ్బా పట్టుకుని దిగాడు. డాన్సు కోసం ఆపారనుకుని బ్యాండువాళ్లు ఊపందుకున్నారు. జనం ఆడారు. చల్లారాక కదిలింది, మళ్లీ మరిగింది, మళ్లీ ఆడారు. పెళ్లికొడుకు మేనమామలు చొక్కాలు పిండుకుంటూ, ఇంత మంచి బరాత్ తమ ఖాందాన్‌లో జరగలేదన్నారు.

బ్యాండు యజమాని లక్ష్మీనర్సయ్యది రామంతాపూర్. మూడోనాడే దానయ్య ఇంటికి వచ్చి బండి అమ్ముతావా అని అడిగాడు. దానయ్య అబద్ధమాడలేదు. కారే బుడ్డ, రాని అద్దం, మరిగే ఇంజను, లేని రివర్స్, అన్నీ అతన్ని బండి ముందు నిలబెట్టి చెప్పాడు. లక్ష్మీనర్సయ్య ఓపికగా విన్నాడు.

"పైన సీరియల్ లైట్లు కట్టొచ్చునా?"

"కట్టొచ్చు."

"ఇంకేంది మరి. డ్రైవర్ కూడా కావాలె. నువ్వే రారాదు?"

దానయ్య చిట్టెమ్మ వైపు చూశాడు. "వెళ్లు," అంది ఆమె.

అలా బండి అమ్మేసి ఆయన తన బండికే జీతం డ్రైవరయ్యాడు. మొదటి ముహూర్తానికే పెట్రోలు పంపు చెడిపోయింది. దానయ్య దిగి, తలుపు మెల్లగా మూసి, సంగతి లక్ష్మీనర్సయ్యకు చెప్పి, పెళ్లివారి పందిట్లో భోజనానికి కూర్చున్నాడు. ఎంతవుతుందని ఎవరినీ అడగలేదు. పప్పు బాగుందని రెండోసారి వేయించుకున్నాడు.