వెనక్కి తగ్గని ఆర్విడ్ వెనక్కి తగ్గిన రోజు

ఆర్విడ్ టాలెఫ్‌సన్ వెనక్కి వెళ్లడు. అంతే. ఆయన గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే మా హోల్టన్ గ్రోవ్‌లో హాయిగా బతికేయొచ్చు. తెలియకపోతే మా ఏటి మీది ఇనుప వంతెన దగ్గర మీ గడ్డం పెరిగిపోతుంది.

ఆ వంతెన మీద ఒక్క బండే పడుతుంది. ముందెక్కినవాడిది దారి. రెండోవాడు బండి వెనక్కి తీసుకుని, స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు ఎత్తి పలకరించాలి. మా అయోవా రాష్ట్రంలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఆర్విడ్ వేళ్లు బాగానే ఎత్తుతాడు. బండి మాత్రం కదలదు. ముందెక్కినా వెనకెక్కినా ఆయన నీలం పికప్ ముందుకే. ఒక్క స్కూలు బస్సు వస్తుంటే మాత్రం ఇవతల గట్టునే ఆగి, పిల్లలకి టోపీ ఊపుతాడు. మిగతా ప్రపంచమంతా ఆయనకి దారివ్వాల్సిందే.

ఒకసారి పొరుగు జిల్లా నుంచి వచ్చిన మొక్కజొన్నల లారీవాడొకడు, నేనూ తగ్గనని ఇంజను ఆపేశాడు. ఆర్విడ్ పేపరు తీసి చదివాడు. వాతావరణం పేజీ రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత దిగి వెళ్లి, "ఇదిగో బాబూ, నాది అయిపోయింది, నువ్వు చదువుకో" అని పేపరు వాడికిచ్చి, వచ్చి నిద్రపోయాడు. ఆ లారీలో మొక్కజొన్న మొలకెత్తిందంటే మావాళ్లు నవ్వుతారు గానీ, రెండాకులు నేను కళ్లారా చూశాను.

మా ఊరి ఐవర్ సోర్లీ చనిపోయినప్పుడు ఇంకా ఘోరం. పూలన్నీ ఆర్విడ్ పికప్‌లో ఉన్నాయి కాబట్టి ఊరేగింపుకి ఆయనే ముందు. మలుపు ఒకటి తప్పాడు. వేరేవాడైతే పది గజాలు వెనక్కొచ్చేవాడు. ఆర్విడ్ ముందుకే పోయాడు. శవపేటికతో సహా మేమంతా ఆయన వెనకే సోయా చేలల్లోంచి, పందుల కొట్టాల పక్కనుంచి, పక్క ఊరి నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి శ్మశానం చేరాం. బతికున్నప్పుడు ఐవర్ అంత లోకం చూడలేదు. పాస్టరు గారు ప్రార్థన సగానికి తగ్గించి ముగించారు, అప్పటికే అందరికీ చావు మీద చాలినంత ఆలోచన అయిపోయింది.

లోయిస్ హోటలు ముందు కూడా అంతే. ఆయన బండికి ఎదురుగా ఇంకెవరైనా బండి పెడితే, వాళ్లు కదిలేదాకా ఆయన కాఫీ తాగుతూనే ఉంటాడు.

"పెద్దాయనా, ఒక్క గజం వెనక్కి తీస్తే ఏం పోతుంది?" అని నేనే ఓసారి అడిగాను.

"ముందర దారుండగా వెనక్కెందుకురా రస్టీ?"

"ముందర లోయిస్ కారుంది కదా!"

"అది ఇంటికి పోదేంటి? లోయిస్, నీ రూబార్బ్ తీపి రొట్టె ఇంకో ముక్క వెయ్యమ్మా."

మెకానిక్ లైల్ మాత్రం, "ఆ ముసలాడు తల్లి కడుపులోంచి కూడా బయటికి ముందుకే వచ్చుంటాడు" అనేవాడు. అందరూ అలాగే వస్తారని ఎంత చెప్పినా వినేవాడు కాదు. నేను తొమ్మిదో తరగతితో బడికి సెలవిచ్చినవాణ్ణి, నాకే తెలిసిన సంగతది.

సరే. పోయిన వసంతంలో, రోడ్లూ వంతెనలూ చూసే కౌంటీ బోర్డులో మా సీటుకి ప్రైమరీ వచ్చింది, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగు. మా పార్టీ ప్రైమరీలో గెలిస్తే నవంబరులో అసలు ఎన్నిక గెలిచినట్టే, అవతలి పార్టీకి మా దగ్గర ఉన్నది ఒక దంతవైద్యుడూ ఆయన భార్యా. నిలబడినవాళ్లలో క్లార్క్ డెమిట్ అనే పట్నంవాడు, "ఆ పాత వంతెన మూసేస్తాను, ఎవరికి పనికొస్తుంది?" అని సభలోనే అనేశాడు. వంతెన మూస్తే ఏటికి అవతలి పిల్లలు బడికి పోవాలంటే ఇరవై మైళ్లు చుట్టు. వెంటనే ఆర్విడ్ నామినేషన్ వేశాడు. అదే రోజు, అదే మాట మీద, అవతలి గట్టు వర్నా బ్రాండ్ట్ కూడా వేసింది. వర్నా పద్దెనిమిదేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆవిడా తక్కువ తినలేదు.

మేం ఆర్విడ్ మనుషులం. లైల్ కమిటీ పెద్ద, లోయిస్ కాఫీ, ప్రచారమంతా నాది. ఊళ్లో ప్రతి ఇంటి ముందు పచ్చిక మీదా నేను రంగు వేసిన బోర్డే: 'ఆర్విడ్: వెనక్కి తగ్గడు!' ఇంత గొప్ప నినాదం వైట్‌హౌస్ దాకా పోయినవాళ్లకి కూడా దొరకలేదు.

మే నెలలో ఓ పొద్దున్న లోయిస్ హోటల్లో రేడియో పందుల ధర చెప్పి, దాంతోపాటే చెప్పింది: ఆర్విడ్ టాలెఫ్‌సన్ పోటీ నుంచి తప్పుకున్నారు.

లైల్ చేతిలో ఫోర్కు కింద పడింది. "ఏ ఆర్విడ్?"

"మనూళ్లో ఎంతమంది ఆర్విడ్‌లున్నారు?" అంది లోయిస్.

"వర్నాకి భయపడ్డాడు" అన్నాడు లైల్. "అంతే. లారీలకి భయపడనివాడు ఓ బస్సు డ్రైవరమ్మకి భయపడ్డాడు."

"మోకాళ్ల నొప్పులేమో పాపం."

"ఓట్లకి మోకాళ్లతో ఏం పని? రస్టీ, నీ బోర్డులేం చేస్తావురా ఇప్పుడు?"

నాకు నిజంగానే కడుపు మండింది. 'తగ్గడు' అని ఊరంతా రాసిపెట్టాక మనిషి తగ్గితే, నవ్వేది ఆయన్ని చూసి కాదు, కుంచె పట్టుకున్నవాణ్ణి చూసి. "పదండి, మొహం మీదే అడుగుదాం" అన్నాను. ఆర్విడ్ అప్పుడే కౌంటీ ఆఫీసు నుంచి తిరిగొస్తూ హోటలు ముందునుంచి పోతున్నాడు. లైల్ బండెక్కి వెంటపడ్డాం.

వంతెన దగ్గర దొరికాడు. సరిగ్గా వంతెన మధ్యలో ఆగిపోయి ఉన్నాడు. ఎదురుగా ముక్కుకి ముక్కు ఆనించి వర్నా బండి. రేడియో విని ఆవిడా ఆయన్ని అడగడానికే బయల్దేరింది, ఆ కోపంలో ఎవరు ముందెక్కారో చూసుకోలేదు. ఆవిడ వెనకే స్కూలు బస్సు, కిటికీల నిండా పిల్లలు. ఇక ఆవిడ వెనక్కి పోయే దారి లేదు.

"ఎందుకు తప్పుకున్నావ్ ఆర్విడ్? నా మీద జాలా?" అని కిటికీలోంచి అరిచింది వర్నా.

"జాలేంటి? మనిద్దరం ఓట్లు పంచుకుంటే డెమిట్ గెలుస్తాడు. ఒకళ్లు దిగాలి. నువ్వు దిగవని నాకు తెలుసు."

"అది నిజమే" అంది వర్నా, ఒక్క క్షణం ఆలోచించి. "మరైతే బండి తియ్యి. పిల్లలకి బెల్లు కొట్టేస్తారు."

ఆర్విడ్ బస్సు వంక చూశాడు. టోపీ సర్దుకున్నాడు. బండి దిగాడు. నెమ్మదిగా మా దగ్గరికి నడిచొచ్చాడు.

"ఒరేయ్, న్యూట్రల్‌లో పెట్టాను. కాస్త వెనక్కి తొయ్యండి."

"తోయడమేంటి, రివర్సు వెయ్యొచ్చుగా!" అన్నాడు లైల్.

"లేదు."

"ఏంటి లేదు?"

"రివర్సు. గేరు పోయింది."

"ఎప్పుడు?"

ఆర్విడ్ ఏటి వంక చూశాడు. "పద్దెనిమిదేళ్లయింది."

వర్నా బండి దిగి వచ్చింది. "ఆ తుఫాను రోజా? ఆ టక్‌మన్న చప్పుడు... నువ్వు ఐసు విరిగిందన్నావ్."

ఇక దాచేదేమీ లేక ఆవిడే చెప్పింది. అది ఆవిడ భర్త చనిపోయిన ఏడాది. బస్సు ఉద్యోగం కొత్త, ఆ చలికాలం గడిస్తేగానీ ఖాయం చెయ్యరు. ఓ మంచు తుఫానులో ఆవిడ సొంత పికప్ ఈ వంతెన పక్క గుంటలోకే జారింది. ఆర్విడ్ గొలుసు కట్టి, తన బండి రివర్సులో పెట్టి లాగి లాగి పైకి తెచ్చాడు. 'గుంటలో పడిన డ్రైవరని తెలిస్తే నాకు బస్సు ఇవ్వరు' అని ఆవిడ ఏడిస్తే, ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు.

"అయితే గేరు బాగు చేయించుకోవడానికేం?" అన్నాను.

"ఊళ్లో మెకానిక్కు ఒక్కడే. ఎలా పోయిందని అడుగుతాడు."

"అడిగితే?" అన్నాడు లైల్ రోషంగా. "నాకు చెబితే నేనెవరికైనా చెబుతానా?"

వంతెన మీద పిట్టలు ఎగిరిపోయేలా నవ్వాం. బస్సులో పిల్లలు కూడా నవ్వారు, లైల్ నోట్లో నువ్వుగింజ నానదని వాళ్లకీ తెలుసు.

"పోనీ నా ఉద్యోగం ఖాయమయ్యాకైనా చెప్పొచ్చుగా, పిచ్చి మనిషీ!" అంది వర్నా.

"చెబుదామనే అనుకున్నా. కానీ అప్పటికి వీళ్లంతా నన్ను మొండివాడని ఎంత సంబరంగా చెప్పుకుంటున్నారో! చెడగొట్టడం దేనికిలే అనిపించింది."

ఆర్విడ్ బండికి భుజాలు ఆనించాం. లైల్ ఓ పక్క, నేనో పక్క, వర్నా మధ్యలో. మా అభ్యర్థిని మేమే వెనక్కి తోశాం. బస్సు దాటుతుంటే ఆర్విడ్ టోపీ ఊపాడు.

గడువు దాటాక తప్పుకున్నాడు కాబట్టి బ్యాలెట్ మీద పేరు అలాగే ఉండిపోయింది. అందుకని జూన్‌లో ఓటింగు అయ్యేదాకా ఇంటింటికీ తిరిగి, "దయచేసి నాకు ఓటెయ్యకండి" అని బతిమాలాడు. అంత కష్టపడి ప్రచారం చేసిన అభ్యర్థిని నేనెరగను. నేను నా బోర్డులన్నిటి కింద ఇంకో వరస రాశాను: 'వర్నా కోసం తప్ప.' దాంతో చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి, ఆర్విడ్, వర్నా ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి, వర్నా గెలిచింది. ఆర్విడ్‌కి ఒక్క ఓటు పడింది. అది లైల్‌దని లైలే ఊరంతా చెప్పాడు.

వంతెన నిలిచింది. లైల్ కొత్త గేరు వేశాడు. ఇక కష్టాలన్నీ తీరాయని అనుకున్నాం.

ఎక్కడ! ఇప్పుడు వంతెన దగ్గర ఆర్విడ్, వర్నా ఎదురుపడితే, ఆయన వెనక్కి తీస్తాడు. "నువ్వెళ్లు." ఆవిడా వెనక్కి తీస్తుంది. "లేదు, నువ్వెళ్లు." ఇద్దరూ రెండు గట్ల మీద రెండేసి వేళ్లెత్తి కూర్చుంటారు. వంతెన ఖాళీగా ఉంటుంది. వెనక మేం హారన్లు కొడుతుంటాం.

నిన్న ఆర్విడ్ మెల్లగా దిగొచ్చి, నా కిటికీ తట్టి, పేపరు ఇచ్చాడు. "నాది అయిపోయిందిరా రస్టీ, నువ్వు చదువుకో."