తాళాలమ్మ అన్న పేరు నాది

"మీ బండికి రెండో తాళంచెవి ఎక్కడ పెడతారు సార్?" అని అడిగింది నా తోటికోడలు.

"ఇంట్లో," అన్నాడు పెద్ద ఇంజినీరు.

"బండికే వేలాడదీయొచ్చుగా? వెతుక్కునే పనుండదు."

హాల్లో నవ్వనివాళ్ళం ఇద్దరమే. ఆయనా, దానికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నేనూ.

ఇళ్ళ నక్షాలు గీసే ఆఫీసు అది. నక్షాలు, ఉత్తరాలు, ఫోటోలు, అన్నీ కంప్యూటర్లలోనే. ప్రతి శుక్రవారం వాటికి నకలు తీసి ఒక డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, ఇనపబీరువాలో పెట్టి తాళం వేస్తుంది ఈవిడ. పాత నక్షా కావాలన్నప్పుడల్లా బతిమాలుకోవాలా, డిస్కు కంప్యూటరుకే తగిలించి ఉంచమని ఇంజినీరు పట్టు పట్టాడు. "దొంగ కంప్యూటర్లో దూరితే దానికి తగిలించిందంతా వాడిదే," అని ఈవిడ మొండికేసింది. యజమాని ఈవిడ వైపే మొగ్గాడు.

అదే ఆఫీసులో కాగితాల గది తాళాలు ముప్పై ఏళ్ళు మోసినదాన్ని నేను. నాలుగో తరగతితో బడి మానేసినా, ఏ నక్షా ఏ గొట్టంలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. "తాళాలమ్మా" అని పిలిచేవాళ్ళు. మరిది పెళ్ళాం కదా, ఊరికే కూర్చోవడమెందుకని దాన్ని ఉద్యోగంలో పెట్టించిందీ నేనే. రెండేళ్ళలో కాగితాలన్నీ కంప్యూటరెక్కాయి, నా పేరు దాని నెత్తికెక్కింది. నా చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపేశారు.

ఇప్పుడు నా తోటికోడలు నడిస్తే తాళాలు గలగలమంటాయి. నేనెన్నడూ అలా చప్పుడు చేసుకుంటూ తిరగలేదు. సరే, అప్పుడప్పుడు తిరిగాను.

పోయిన నెల ఒక బుధవారం, ఎవరో బిల్లు పంపారనుకుని ఈమెయిల్లో వచ్చిన దేన్నో ఇంజినీరు తెరిచాడు. అంతే, ఒక్క నక్షా తెరుచుకోలేదు. డబ్బిస్తేనే విడిపిస్తామని తెరమీద బెదిరింపు. నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళేసరికి ఇది బల్లబల్లకీ తిరిగి వైర్లు పీకుతోంది.

"ముందు బీరువా తియ్యమ్మా!" అని ఇంజినీరు మొత్తుకున్నాడు.

"కంప్యూటర్లు శుభ్రం కానిదే తియ్యను సార్. ఇప్పుడు తగిలిస్తే ఇదీ పోతుంది."

నాలుగు రోజులు తియ్యలేదు. ఆ నాలుగు రోజులూ, డిస్కులోనూ ఏమీ లేకపోతే బాగుండునని నేననుకున్నాను. అబద్ధమెందుకు చెప్పాలి? కానీ పాత నక్షాలన్నీ తిరిగొచ్చాయి. అంతకుముందు శుక్రవారం తర్వాత గీసినవి మాత్రమే పోయాయి. అందరూ లేచి చప్పట్లు కొట్టారని ఇంటికొచ్చి చెబుతుంటే, వినపడకుండా గిన్నెలు గట్టిగా తోమాను.

నిన్న సాయంత్రం కొత్త డిస్కొకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, ఆఫీసుకే నిప్పంటుకుంటే బీరువా ఏం కాపాడుతుంది? ఇంకో నకలు బయట ఉండాలి. నీ ట్రంకు పెట్టెలో దాచు. పాస్‌వర్డు పెట్టాను, ఎత్తుకుపోయినా తెరవలేరు. యజమాని ఒప్పుకున్నాడు."

"అంత చదువుకున్నవాళ్ళుండగా నేనెందుకే?"

"వాళ్ళు ఫోన్లో ఎవరడిగినా 'అలాగే సార్' అంటారు. నువ్వు చీటీ లేకుండా ఒక్క కాగితమైనా ఇచ్చావా? యజమానినే వెనక్కి పంపావటగా!"

"రెండుసార్లు," అన్నాను.

కొత్త తాళం, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది.

"యజమాని ఫోన్ చేసినా ఇవ్వకు. అచ్చం నా గొంతే వినపడినా ఇవ్వకు. నేనొచ్చి నీ ఎదురుగా నిలబడి అడిగితేనే తియ్యి, అక్కా."