టైపు మాస్టారి వగైరా

టైపు మాస్టారు పోయారని పోయిన వారం మా సినిమా కంపెనీ ఆఫీసుకు ఫోన్ వచ్చేసరికి పక్క ఫ్లోర్‌లో పాట తీస్తున్నారు. ఒకే చరణం, వెనక్కీ ముందుకీ. రిసీవర్ పెట్టేశాక కూడా ఆ చరణం నాలుగైదుసార్లు విన్నాను. ఈ కబురును కూడా ఎవరైనా వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి వినిపిస్తారేమో అనిపించింది.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. తెరమీద ఆయన పేరు ఎప్పుడూ పడలేదు. కంపెనీ మద్రాసు నుంచి ఫిల్మ్‌నగర్‌కు తరలివచ్చినప్పుడు తన తెలుగు టైపు మిషనును ఒళ్లో పెట్టుకుని రైల్లో వచ్చారట. హీరో దగ్గర్నుంచి గుంపులో నిలబడే మనిషి దాకా, కంపెనీతో ఎవరు ఒప్పందం చేసుకున్నా ఆ కాగితం ఆయన వేళ్ల కిందనుంచే వచ్చేది. చూపు తగ్గి పోయినేడు పని మానేసేదాకా నా ఎదుటి బల్ల ఆయనది. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, అక్షరాల్లో మసి తుడిచే పాత టూత్‌బ్రష్ ఉండేది. మా ఇద్దరి మధ్య కిటికీలోంచి జూబ్లీహిల్స్ బండరాళ్లూ, వాటిమీద ఆరబెట్టిన సెట్టింగుల నీలం గుడ్డా కనిపించేవి. మధ్యాహ్నం మగతలో ఆకాశం ఎక్కడ మొదలయ్యేదో తెలిసేది కాదు.

కృష్ణానగర్ నుంచి డాన్సు అమ్మాయిలు సంతకాలకు వచ్చేవారు. "సార్, గిది జర చదివి చెప్పుండ్రి. నాకేం సమజైతలేదు" అని ఒకమ్మాయి కాగితం చాపితే, తను టైపు చేసినదే అయినా కొత్తగా చూస్తున్నట్టు కళ్లజోడు సర్దుకుని, వాక్యానికో చోట ఆగి చదివేవారు. మేనేజరు విసుక్కుంటే, "సంతకం అర నిమిషమేనండీ. చదవడమే పని" అనేవారు.

ఆయన కాగితాల్లో కుడి అంచు ఎప్పుడూ ఎగుడుదిగుడే. వాక్యం ఎక్కడ అయితే అక్కడ ఆపి, మిగిలిన జాగాలో గీతలు కొట్టేవారు. అంచు సమంగా వస్తే అందంగా ఉంటుంది కదా మాస్టారూ అన్నానొకసారి. జేబులోంచి టూత్‌బ్రష్ తీసి మిషను అక్షరాలు తుడిచారు. తర్వాత చెప్పారు. మద్రాసులో ఒక కథారచయిత ఒప్పందం టైపు చేస్తుంటే, "సినిమా తీసుకొను హక్కు" దగ్గర వరుస చివర కాస్త ఖాళీ మిగిలిందట. అంచు కుదరాలని అక్కడ ‘వగైరా’ అని కొట్టారు. ఏళ్లు గడిచి కేబుల్ టీవీ వచ్చాక, కంపెనీ ఆ కథను సీరియల్‌కు అమ్మింది. రచయిత వచ్చి అడిగితే, వగైరాలో అదీ ఉందన్నారు కంపెనీవాళ్లు.

"తిట్టినా బాగుండేదమ్మాయ్. మీ టైపు ముత్యాల్లా ఉంటుంది మాస్టారూ అని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు."

నాకేమో ఎక్కడా కాలు నిలవదు. బీకాం అయ్యాక ఈ ఆఫీసులో గుమాస్తాగా గడిపిన ఏడేళ్లలో బ్యాంకు పరీక్ష రాశాను, కంప్యూటర్ కోర్సులో చేరి మానేశాను, ఒక పత్రికకు దరఖాస్తు రాసి పోస్టు చెయ్యలేదు. అలాంటి నన్ను ఒకరోజు నిర్మాతగారు పిలిచి, "మద్రాసు లాయరుగారు ఇక రాలేరు. మనకంటూ మనిషి ఉండాలమ్మా. సాయంత్రం కాలేజీలో లా చదువు, ఫీజు కంపెనీది. తర్వాత అయిదేళ్లు మాత్రం మనతోనే" అన్నారు.

చదవాలనే ఉంది. నల్లకోటు కలలోకి కూడా వచ్చింది. కానీ అయిదేళ్లు ఒకేచోట కట్టేసినట్టు ఉండగలనా? అంతకంటే పెద్ద భయం, ఏ రచయితో వస్తే ‘వగైరాలో అదీ ఉంది’ అని చెప్పే మనిషిని నేనే అవుతానేమోనని.

మాస్టారిని అడిగాను. "చదవాలా వద్దా నన్నడక్కు. నాకు మాటలు చూడటమే వచ్చు" అని నా ఒప్పందం తీసుకుని, డాన్సు అమ్మాయిలకు చదివినట్టే చదివారు. అది మేనేజరు కొత్త కంప్యూటర్ మీద చేయించింది. అంచులు గీత గీసినట్టున్నాయి. "చదువు ముగిశాక అయిదేళ్లు సంస్థ న్యాయ వ్యవహారములు వగైరా చూడవలెను" దగ్గర ఆగారు.

"ఇందులో ఏముందో అడిగిరా."

"అడిగితే అసలు చదివించరేమో మాస్టారూ."

"అడగలేనిదానివి లా చదివి ఏం చేస్తావు?"

నేను కదలకపోతే మెల్లిగా అన్నారు. "అయిదేళ్లని రాశారు. దానికో చివర ఉంది. వగైరాకి లేదు."

వెళ్లాను. వగైరా తీసేసి ఆ చోట ‘సంతకము చేయువారికి చదివి వినిపించుట’ అని రాయమన్నాను. "అప్పుడే లాయరువైపోయావే" అని నిర్మాతగారు నవ్వారు గానీ, కాగితం సొరుగులో పెట్టేశారు. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. కాలేజీలో చేరడానికి గడువు కరిగిపోతోంది. చదువు పోయిందనే అనుకున్నాను. మాస్టారు రోజూ తలెత్తి నన్ను చూసేవారు, మళ్లీ టైపులో పడేవారు. అయిదో రోజు నిర్మాతగారు పిలిచి, నా ముందే ఆ మాట కొట్టేసి, పైన నేను అడిగింది రాసి, పొడి సంతకం చేశారు.

"మాస్టారు నేర్పారా?"

"చదివి వినిపించారండీ."

ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నాను. ఏ పుస్తకం తెరిచినా, వాక్యానికో చోట ఆగే ఆ గొంతుతోనే నా లోపల చదువు సాగుతోంది. ఇంతకన్నా ఆయన రుణం గురించి చెప్పడం చేతకావడం లేదు.

కాలేజీ మొదటి రోజు మాస్టారు "అటువైపు పనుంది" అని నాతోపాటు బస్సెక్కారు. పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. గేటు దగ్గర, "ఇక వెళ్లు" అని రోడ్డు దాటి బస్‌స్టాపులో నిలబడ్డారు. మేడమీది తరగతి కిటికీలోంచి చూశాను. పొద్దువాలుతున్న వెలుతురు రోడ్డంతా పసుపు నీళ్లలా పరుచుకుని ఉంది. బస్సొచ్చి ఆయన్ని కప్పేసింది. అది వెళ్లాక ఆయన అక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని, మేడవైపు చూస్తూ. ఇంకో బస్సు. మళ్లీ ఆయన. లెక్చరరు వచ్చి హాజరు పిలుస్తున్నారు. నా పేరుకు పలికి మళ్లీ అటు తిరిగాను. ఒక బస్సు ఆగి ఉంది. కదిలింది. స్టాపులో వెలుతురు ఒక్కటే నిలబడి ఉంది.