బావ పిలిచి వేయించుకున్న బోరు

మా పల్నాడు మెట్టలో బోరు లారీ కనబడితే జనం చేతిలో పని అక్కడే పడేసి దాని వెనక నడుస్తారు. ఎవరి చేలో వేస్తున్నారు, ఎంత లోతున తడి తగిలింది, దుమ్ము లేచిందా నీళ్ళు లేచాయా అని సాయంత్రం దాకా అవే మాటలు. అందుకే వెల్దుర్తి అవతల మా అక్కవాళ్ళ ఊరికి ఆ లారీ వచ్చిన రోజు మా బావ చేసిన పనికి నేను ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఎదురెళ్ళి లారీ ఆపి, మా చేలో వెయ్యండయ్యా అని బతిమాలాడు.

అది నీళ్ళ కోసం వచ్చిన లారీ కాదు. నేల అడుగున యురేనియం ఉందేమో చూడడానికి సర్వే వాళ్ళు తెచ్చుకున్నది. వాళ్ళు దాచారని నేననను, రాళ్ళ పరీక్ష అని చెప్పారట. బావకు ఆ రాళ్ళతో పనిలేదు. ఇంటి పక్కనున్న ఒక్క బోరు తప్ప ఆయన వేయించినవన్నీ దుమ్మే లేపాయి. ఎవరో వచ్చి ఊరికే నేల తొలుస్తామంటే, తొలిచిన గుంత తనకే మిగులుతుంది కదా అనుకున్నాడు. నిజానికి ఆయన చేను వాళ్ళు ముందే గీసుకున్న గీత మీద ఉందట. బతిమాలకపోయినా వేసేవాళ్ళే. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. బావ పిలిచాడన్నదే అందరికీ గుర్తుండిపోయింది.

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. బోరు దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళకు ప్రార్థనా కావాలి, కొబ్బరికాయా కావాలి. బావ కాయను అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగాడు. అది నిక్కి నిలబడ్డ చోట నీళ్ళుంటాయని ఇక్కడివాళ్ళ నమ్మకం. అక్క పాస్టరుగారిని పిలిపించి లారీ ముందు ప్రార్థన చేయించింది, పనివాళ్ళకు నాటుకోడి పులుసు వండి చేనుకు పంపింది. మా చేలో ఎందుకు వెయ్యరని పక్క చేలవాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు.

తొలవడం మొదలైన మర్నాడు బావ నాకు ఫోన్ చేశాడు. నేను నర్సరావుపేటలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్సు చెబుతాను.

"అమ్మాయ్, నీళ్ళు పడ్డయ్. నాలుగు వేళ్ళ లావున దూకుతున్నయ్" అన్నాడు.

అంత సంతోషం ఆయన గొంతులో నేనెప్పుడూ వినలేదు. కానీ అవి సర్వే వాళ్ళు ట్యాంకరుతో తెచ్చి పైనుంచి పోస్తున్న నీళ్ళు. రాయిని కోసేటప్పుడు మర వేడెక్కకుండా పోస్తూనే ఉంటారు, అవే తిరిగి పైకి వస్తాయి. నేను చెబితే వినలేదు. నువ్వు పుస్తకంలో చూశావు, నేను కళ్ళతో చూస్తున్నానని ఫోన్ పెట్టేశాడు. సర్వే వాళ్ళు గుండ్రటి రాతి కడ్డీలు బయటికి తీసి, పెట్టెల్లో వరసగా పేర్చుకుని, ఆ గుంతను సిమెంటుతో పూడ్చడానికి సిద్ధమైన రోజు బావ అడ్డం పడ్డాడట. పడ్డ నీళ్ళను పూడ్చే పాపం మూటగట్టుకోవద్దని చేతులు పట్టుకున్నాడట. పూడ్చడం రూలు అన్నారు, పూడ్చి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. గని వస్తుందని చెప్పలేదు, రాదనీ చెప్పలేదు.

ఆ తర్వాత ఎవరి ఫోన్లోకో ఒక వీడియో వచ్చింది. ఎక్కడో దూరాన యురేనియం తవ్వే ఊళ్ళో జబ్బుపడ్డ పిల్లలు. అది చూశాక మోకాళ్ళ నొప్పి వచ్చినా, గేదె చూడి ఈసుకుపోయినా కారణం ఆ గుంతే అయింది. అంతకుముందు బజారంతా అక్కవాళ్ళ ఇంటి పక్క బోరు నీళ్ళే తాగేది. కరెంటు వచ్చే వేళకు బిందెలు బారులు తీరేవి, అక్క ఎవరినీ కాదన్నది లేదు. ఒకరొకరుగా మానేశారు. ఆ గుంతకూ ఈ బోరుకూ మధ్య రెండు చేలున్నాయని బావ అందరికీ చెప్పి చూశాడు. నువ్వే గదా పిలిచింది అన్నారు.

ఆ వేసవిలోనే సరిహద్దులో యుద్ధం ముదిరింది. టీవీలో బొమ్మ పక్కన బొమ్మ పెట్టి ఎవరి దగ్గర ఎన్ని అణుబాంబులున్నాయో క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతున్నారు. బావ మళ్ళీ ఫోన్ చేశాడు. మన చేలో రాయి బాంబుకా, కరెంటుకా అని అడిగాడు. కరెంటుకే అన్నాను. అయితే ముందు మన మోటారుకు పగటిపూట తిన్నగా ఇమ్మను అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వెంటనే గొంతు తగ్గించాడు.

"ఇది ఇక్కడుందని అవతలోళ్ళకు తెలుసంటావా?"

కంది, పత్తి తప్ప ఏమీ పండని ఆ ఎర్ర చేనును పాకిస్తాన్ గురిపెట్టి ఉందేమోనని భయపడుతున్నాడు మనిషి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాంటిదేం లేదన్నాను, కానీ నాకు మాత్రం ఏం తెలుసు? బొగ్గు తగలబెట్టుకుంటూ ఎల్లకాలం బతకలేమని, అణువిద్యుత్తుకు పొగ ఉండదని ప్రతి ఏడూ క్లాసులో చెబుతాను. ఇప్పటికీ అది నిజమనే నమ్ముతున్నాను. అది మా అక్క చేలోంచే రావాలా అని మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఇంతలో అక్క కూతురు నెల తప్పింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అక్క అప్పుడే పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చింపి పెట్టుకుంది, మంచం నవారు బిగించి అల్లించింది. ఏడో నెలలో కూతుర్ని తీసుకురావడానికి వినుకొండలో ఆమె అత్తవారింటికి వెళితే, వియ్యపురాలు పంపనంది. ఆ ఊరి నీళ్ళ సంగతి వాళ్ళ దాకా పోయింది. తాగడానికి వాటర్ టిన్నులు తెప్పిస్తాం అన్నాడు బావ. వంటకు, స్నానానికి, రేపు బిడ్డకు నీళ్ళు పొయ్యడానికి ఏం చేస్తారు అని అడిగిందామె. చెడ్డమనిషి కాదు. నాకే ఫోన్ చేసింది.

"టీచరుగారూ, మీరు సైన్సు చదివినోళ్ళు. ఆ నీళ్ళు మంచివని మీరొక్క మాట చెప్పండి. రేపే పంపిస్తా."

తెలిస్తే ఆ క్షణమే చెప్పేదాన్ని. నాలుగు రోజులు గడువడిగి, అక్క బోరు నీళ్ళు సీసాలో పట్టుకుని నీళ్ళు పరీక్షించే చోటికి వెళ్ళాను. ఫ్లోరైడు చూస్తాం, ఉప్పదనం చూస్తాం, మీరడిగేది ఇక్కడ చెయ్యం అన్నారు. ఎక్కడ చేస్తారంటే పైవాళ్ళను అడగమన్నారు. పైవాళ్ళకు అర్జీ పెట్టాను, పరిశీలనలో ఉందన్నారు. సర్వేకు వచ్చిన ఒకాయన నంబరు సంపాదించి మాట్లాడాను. మర్యాదగానే మాట్లాడాడు. ఆ రాయి మీ తాతముత్తాతల కంటే ముందునుంచీ అక్కడే ఉందమ్మా, మేం తెచ్చి పెట్టింది కాదు, గుంత గట్టిగా మూసేశాం అన్నాడు. నీళ్ళు తాగొచ్చా అంటే, అది మా పని కాదన్నాడు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు, ఒక్కరూ కసురుకోలేదు. నేను పట్టుకుని కొట్లాడడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు.

గడువు అయిపోయింది. వియ్యపురాలికి ఫోన్ చేసి, నాకు తెలియదండీ అన్నాను. అలాగే లెండి, ఇక్కడే ఉంచుకుంటాం అంది. ఆ సాయంత్రం అక్కకు చెబితే నన్నే తప్పుపట్టింది.

"మంచియ్యే అని అంటే నీ నోటి ముత్యాలు రాలతయ్యా? ఆ నీళ్ళు తాగే గదే నేను దాన్ని కన్నది."

మంచివని అని, రేపు ఆ బిడ్డకేమైనా అయితే? చెడ్డవని అంటే, అక్కకూ బావకూ వేరే నీళ్ళేవి? వాళ్ళిద్దరూ ఇవాళ్టికీ ఆ బోరు నీళ్ళే తాగుతున్నారు.

కాన్పు వినుకొండలోనే జరిగింది. ఆడపిల్ల. బిడ్డ ఇంటికొచ్చాక అక్కా నేనూ చూడడానికి వెళ్ళాం. అక్క తెచ్చిన పొత్తిగుడ్డల సంచి వియ్యపురాలు అందుకుని, మరోసారి ఉడకబెట్టి వాడతాంలే వదినా అని పెరట్లో పెట్టించింది. అవి ఏ నీళ్ళలో ఉతికినవో ఎవరూ అనలేదు. అక్క తనంతట తానే దొడ్డి కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. తుడుచుకుని వచ్చి, మళ్ళీ వెళ్ళి కడుక్కుంది. మంచం దగ్గర నిలబడి నాతో మెల్లగా అంది.

"ఏమే, ఎత్తుకోవచ్చంటావా?"

ఇన్ని నెలల్లో నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే. ఎత్తుకో అక్కా, ఏం కాదు అన్నాను. అక్క చేతులు చాపింది కానీ వంగలేదు. నా మాట విననట్టే వియ్యపురాలి మొహం వంక చూస్తూ నిలబడింది.