ఆకు పండింది, పువ్వు పండలేదు

సెప్టెంబరు చివర్లో మిషిగన్ ఉత్తరానికి బయల్దేరేవాళ్లు సాధారణంగా చెట్ల రంగులు చూడటానికి వెళ్తారు. నేనూ ఏటా అందుకే వెళ్తాను. ఈసారి మాత్రం కారు డిక్కీలో కొమ్మలు కత్తిరించే కత్తెర పెట్టుకుని, మా అక్క పెరట్లో ఉన్న నాలుగు గంజాయి మొక్కల్ని కోయించడానికి వెళ్లాను. ఈ మాట చదివి ఎవరైనా ఇక్కడే ఆగిపోతే ఆగిపోండి, నాకేం బాధ లేదు. అక్క పేరు కరుణ. అరవయ్యొక్కేళ్లు. క్యాడిలాక్ ఊళ్లో నర్సుగా చేసి రిటైరై, అక్కడే ఒంటరిగా ఉంటోంది. రెండేళ్ల కిందట కీమో చేయించుకుంది. జబ్బు పోయింది గానీ పాదాల్లో మంట మిగిలింది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేదు. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే పగలంతా మత్తు. ఈ రాష్ట్రంలో ఇరవయ్యొక్కేళ్లు దాటినవాళ్లు ఇంట్లో పన్నెండు మొక్కల దాకా పెంచుకోవచ్చు, బయటివాళ్లకి కనపడకుండా తాళం వేసిన చోట ఉండాలి అంతే. అక్క సిటిజన్ అయి ఇరవై ఏళ్లు దాటింది, నాలుగే పెంచుతోంది, ఆ సంగతి తన డాక్టరుకీ తెలుసు.

ఇక కత్తెర సంగతి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు ఫెలోషిప్ వాళ్లు ఏటా సెప్టెంబరు ఆఖరి శనివారం నాలుగు కార్లలో అక్క ఇంటికి వెళ్తారు. పాటలు, ప్రార్థన, భోజనం, సాయంత్రం చెరువు చుట్టూ నడక. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు వేరే ఎవరూ లేరు కాబట్టి, అక్క ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా ఎదురుచూస్తుంది. గురువారం మా సంఘ పెద్ద విక్టర్ అన్నయ్య నాకు ఫోన్ చేశారు. శనివారానికల్లా ఆ మొక్కలు పెరట్లో ఉండకూడదని, పిల్లలు వస్తారని, హెచ్-వన్ మీద ఉన్న కుర్రాళ్లు కూడా వస్తారని, వాళ్ల వీసాల మాటేమిటని అడిగారు. వీసా మాటలో న్యాయముంది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్రం ఒప్పుకోదు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ మొక్క జోలికి పోకపోవడమే మంచిది, అది నేనూ చెబుతాను. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. మన సంఘంలో కరుణమ్మ తులసివనంలో గంజాయి మొక్క అయిందని అన్నారు. సామెతని ఇంత అక్షరాలా వాడినవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

అయినా సరే అన్నాను. మా ఇంట్లో మెత్తనిదాన్ని నేనే, అందుకే ఆయన అక్కకి కాకుండా నాకు చేశారు. పోయిన ఏడాది కూడా ఇదే జరిగింది. వాళ్లు వస్తున్నారని ముందు రోజే మొక్కలు కోసేశాం. కింది ఆకులు పసుపు తిరిగాయి కదా, పంటకొచ్చినట్టేనని ఇద్దరం అనుకున్నాం. మాది కందుకూరు వైపు. నాన్న పొగాకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లో మంట కాసేవాడు. ఆకు పండిందా లేదా అని కింది నుంచి చూసుకుంటూ పోవడం మాకు నడక కంటే ముందే వచ్చింది. తీరా ఆరబెట్టి చూస్తే ఎండుగడ్డి వాసన తప్ప గుణం లేదు. కొంచెం తీసుకుంటే గుండె దడ వచ్చిందట గానీ మంట మాత్రం తగ్గలేదు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి బయల్దేరాను. ఫ్లింట్ దాటి ఐ-75 మీద బే సిటీ దాకా, అక్కడి నుంచి యుఎస్-10 మీద పడమరగా క్లేర్ దాకా, ఆపైన ఎమ్-115 పట్టుకుంటే నేరుగా క్యాడిలాక్. దాదాపు రెండు వందల మైళ్లు, ఆగకుండా పోతే మూడుంపావు గంటలు, రానూపోనూ పెట్రోలు యాభై డాలర్ల లోపే. మిడ్‌ల్యాండ్ దాటాక మేపుల్ చెట్లు ఎర్రబడటం మొదలవుతుంది. ఎడమ పక్క కూర్చున్నవాళ్లకి బాగా కనిపిస్తుంది, అంటే డ్రైవ్ చేసేవాళ్లకే. క్లేర్‌లో తొమ్మిదింటికి ఒక చిన్న హోటల్లో ఆగాను. గుడ్లు, బంగాళాదుంపల వేపుడు, కాఫీ కలిపి టిప్పుతో పద్నాలుగు డాలర్లు. పొయ్యి దగ్గరున్న పెద్దాయన ఎక్కడికని అడిగితే క్యాడిలాక్ అన్నాను. ఈ పూట చలి దిగుతుంది, తెల్లారేసరికి మంచు పడుతుంది, అక్కడ తోట ఉంటే కప్పమని చెప్పండి, ప్లాస్టిక్ వద్దు, పాత దుప్పట్లు మంచివి అన్నాడు. ఇంకేం, మొక్కలు కోసేయడానికి ఇంకో కారణం దొరికిందని సంతోషించాను.

పదీముప్పావుకి ఇంటికి చేరాను. ఇంటి వెనక ఆరడుగుల చెక్క కంచె, దానికో తలుపు, తలుపుకి తాళం. తాళం తీయకముందే వాసన వచ్చింది. నిమ్మతొక్క, తడి కట్టె కలిసినట్టున్న ఘాటు. అక్క రెండు జతల సాక్సులు వేసుకుని, వాటిపైన మగవాళ్ల బూట్లు తొడుక్కుని, ఒక్కో అడుగూ కొలిచి వేస్తోంది. మొక్కలు నా ఎత్తున ఉన్నాయి. కింది ఆకులు నిమ్మపండు రంగులో వేలాడుతున్నాయి. నేను కత్తెర చూపించి, ఆకు పండిపోయింది, ఎలాగూ మంచు పడుతుందట, ఈ రోజే కోసేస్తే గొడవ వదిలిపోతుందని చెప్పాను. ఎవరు ఫోన్ చేశారో అక్క అడగలేదు.

"నువ్వూ నేనూ బ్యారన్ బుద్ధి పోగొట్టుకోలేదే," అంది. "పొగాకులో మనం అమ్మేది ఆకు. అందుకని ఆకు పండిందా అని చూశాం. దీంట్లో పనికొచ్చేది పువ్వు. ఆకు పండితే నీకేంటి, నాకేంటి?"

జేబులోంచి బొటనవేలంత భూతద్దం తీసి నా చేతిలో పెట్టింది. అరవై రెట్లు పెద్దగా చూపిస్తుంది, చిన్న లైటు కూడా ఉంది, పన్నెండు డాలర్లు. చెయ్యి వణికితే ఏమీ కనపడదు, మోచెయ్యి కడుపుకి ఆనించుకోవాలి. పువ్వు మీద సన్నని కాడలు, ఒక్కో కాడ చివర గుండుసూది తలంత బొట్టు. అదే జిగురు. బొట్టు నీళ్లలా తేటగా ఉంటే పచ్చి. పాలు కలిసినట్టు తెల్లబడితే పక్వం. తేనె రంగు బొట్లు అక్కడక్కడా కనపడితే ఇంకాస్త ముదిరినట్టు. అక్కకి కావాల్సింది ఆ దశ, ముదిరినది ఒళ్లు బరువెక్కించి నిద్ర పట్టిస్తుందని చాలామంది పెంపకందార్లు చెబుతారట. నేను చూసిన మొదటి చోట తేనె రంగు కనపడి గెలిచాననుకున్నాను. అక్క వంగి చూసి, నువ్వు చూసింది పువ్వు పక్కన చిట్టి ఆకు, అది ఎప్పుడూ ముందే రంగు మారుతుంది, పువ్వు మీద చూడు అంది. పువ్వు మీద సగానికి పైగా నీళ్లే. పువ్వులోంచి తెల్లటి వెంట్రుకలు ఇంకా నిటారుగా నిలబడి ఉన్నాయి. అవి గోధుమ రంగుకి మారి లోపలికి ముడుచుకోవాలి. నాలుగింట్లో ఒక్కదానికే, అదీ పైకొమ్మకే, పాలు పట్టాయి. ఒకే మొక్కలో పైభాగం ముందు, కిందిది వారం వెనక.

మధ్యాహ్నం పక్కింటి డేల్ వచ్చాడు. ఒకప్పుడు ఆపిల్ తోట చేసిన డెబ్బై ఏళ్ల మనిషి, అక్కకి ఇదంతా నేర్పింది ఆయనే. నాలుగు మొక్కలూ తిరిగి తిరిగి చూసి, వారం నుంచి పది రోజులు అన్నాడు. ఒక్క మంచు దుప్పటి కింద ఏమీ చేయదట. భయపడాల్సింది వానకి. లావుగా బిగుసుకున్న పువ్వుల మధ్య బూడిదరంగు బూజు పడుతుంది, రోజూ పొద్దున విప్పి చూసుకోవాలి, బూజు కనపడితే ఇక రంగూ లేదు పక్వమూ లేదు, ఆ కొమ్మ ఆ రోజే కోసి పారేయాలి. అది తప్ప తొందరపడటానికి ఇంకే కారణమూ లేదని చెప్పి, తన టమాటాలు కప్పుకోవాలని వెళ్లిపోయాడు.

అప్పుడు నేను అసలు విషయం చెప్పాను. విక్టర్ అన్నయ్య మాట, పిల్లలు, వీసాలు. అక్క వంటింట్లో పన్నెండు మందికి మేకమాంసం కడుగుతోంది. చేతులు తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది.

"పోయినేడు వాళ్ల కోసం కోశాను. వాళ్లు అన్నం తిని, నాలుగింటికి కారెక్కి ఎళ్లిపోయారు. చలికాలం అంతా ఈ పాదాలు నేనే మోశాను. కంచెకి తాళం ఏస్తా, ఆ పక్కకి ఎవర్నీ రానివ్వను. కానీ పచ్చిది మాత్రం కొయ్యను."

నాకు సిగ్గేసింది. కత్తెర పట్టుకుని రెండు వందల మైళ్లు వచ్చింది ఎవరి తరఫున? రెండింటికి నేనే అన్నయ్యకి ఫోన్ చేశాను. మొక్కలు పక్వానికి రాలేదు, కోయడం లేదు, తాళం వేసి ఉంటుంది, భోజనం ముందు వాకిట్లో పెడతాం అని చెప్పాను. అయితే మేం రాము అన్నారు అన్నయ్య. అంతవరకూ నా గొంతు పెద్దదవలేదు.

"అన్నయ్యా, మీ నాన్నగారి ఆరు బ్యారన్లలో మా నాన్న మంట కాశాడు. ఆ పొగకే దగ్గి దగ్గి పోయాడు. ఆ పొగాకు డబ్బుతో మనూరి చర్చికి స్లాబ్ ఏసినప్పుడు ఆ ఆకు పాపమని ఎవురూ అనలా. మా అక్క పాదాల కాడికి వచ్చేసరికి మొక్క పాపమైందా?"

అన్నయ్య ఫోన్ పెట్టేశారు. అక్క అంతా విన్నది. ఏడాదికి ఒక్కసారి వచ్చే మనుషుల్ని నేను పోగొట్టానేమో అని భయమేసి, వంట తగ్గిద్దామా అని అడిగాను. తగ్గించక్కర్లేదని చెప్పి ఉల్లిపాయలు కోయడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు ఉల్లిపాయల వల్లేనని నేను అనుకోలేదు. సాయంత్రం ఎండ ఉండగానే పాత సామాన్ల కొట్లో మూడేసి డాలర్లకి కొన్న దుప్పట్లు తెచ్చి, పువ్వులకి బరువు తగలకుండా కర్రలు పాతి, నాలుగు మొక్కలకీ కప్పాం.

శనివారం పొద్దున దుప్పట్లు అప్పడాల్లా బిగుసుకుపోయాయి. ఎండ వచ్చి మంచు కరిగాక తీశాం. రెండు మూడు ఆకుల అంచులు నల్లబడ్డాయి, పువ్వులు పువ్వుల్లాగే ఉన్నాయి. పదకొండున్నర దాకా ఏ కారూ రాలేదు. అక్క ఐదోసారి కిటికీ దగ్గరికి వెళ్లినప్పుడు నేను లెక్కపెట్టడం మానేశాను. తర్వాత రెండు కార్లు వచ్చాయి. నాలుగు రావాలి, రెండే వచ్చాయి. వీసా మీద ఉన్న కుర్రాళ్లు రాలేదు, వాళ్ల మీద నాకు కోపం లేదు. మొదటి కార్లోంచి విక్టర్ అన్నయ్య దిగారు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా కంచె దగ్గరికి నడిచి, అక్కని తాళం తీయమన్నారు. గడప దాటలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, కింది నుంచి పైకి, మా నాన్న చూసినట్టే చూశారు.

"కిందాకు పండిందిగా. ఇంకా ఎందుకు ఉంచావమ్మా?" అన్నారు.

అక్క ఒక కొమ్మని ఆయన వైపు వంచి, భూతద్దం చేతికిచ్చి, ఎక్కడ చూడాలో చూపించింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని చూశారు. ఒక కాలు గడప లోపలికి పడింది. ఇంకో కొమ్మ చూశారు. రెండో మొక్క దగ్గరికి తనంతట తనే వెళ్లారు. వెనక వాకిట్లో అందరూ నిలబడి ఉన్నారు.

"నీళ్లలా ఉందే. పచ్చిగానే ఉంది," అన్నారు చివరికి, పంట పాడుచేసినవాడి మీద రైతుకొచ్చే కోపంతో. "ఇట్టాంటిదాన్ని కొయ్యమని ఎవరు చెప్పారు?"

"మీరే, అన్నయ్యా," అంది అక్క.

ఆయన క్షమాపణ చెప్పలేదు, మేమూ అడగలేదు. భోజనానికి ముందు ప్రార్థన మామూలు కంటే పొడుగ్గా చేశారు, అందులో శోధనల గురించి కూడా చెప్పారు, మేకమాంసం రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. మిగిలింది రెండు కార్లలోనూ గిన్నెలకెత్తి పంపింది అక్క.

పదకొండు రోజులకి అక్క కోసింది. ఒక పెద్ద పువ్వులో బూజు కనపడితే తీసి పారేసింది, మిగతాది పాలరంగులో, మధ్యమధ్య తేనె బొట్లతో బాగా వచ్చింది. మంట పోయిందని నేను చెప్పను. మొన్న వెళ్లినప్పుడు రెండు జతల సాక్సులకి బదులు ఒక జతే ఉంది, నేను చూసింది అదే. రాని రెండు కార్ల వాళ్లు వచ్చే ఏడు వస్తారో రారో తెలీదు, రాకపోతే అక్కకి బాధే, ఆ బాధ ఉంటుందని తెలిసే తను ఆ మొక్కల్ని ఉంచుకుంది. పంటకి ఒక సమయం ఉంటుంది, దాన్ని పంటే చెబుతుంది. చుట్టాలు వచ్చే తేదీకి అది పండదు, పెద్దలు గదమాయించినా పండదు. ఇది నేను ఈ వయసులో, అదీ కత్తెర మోసుకుని వెళ్లి, నేర్చుకున్నాను. మీలో ఎవరికైనా చట్టం ఒప్పుకున్న చోట ఇలాంటి పెరడు ఉంటే ఒక్క సలహా: పన్నెండు డాలర్లు పెట్టి భూతద్దం కొనండి, ఆకుని కాకుండా పువ్వుని చూడండి, కోసేయమని ఎవరైనా ఫోన్ చేస్తే వచ్చి చూసి చెప్పమనండి.