ఐసు వేసిన నల్ల బీరు

ఉదయం ఏడుంపావుకు, నాయనను పూడ్చిన చోట, బావ బీరు సీసా మూత తీశాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ మూడో రోజు ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవాలి. ముట్టకపోతే ఆయనకేదో లోటు మిగిలినట్టు.

అది ఇంపీరియల్ స్టౌట్ అట. బోర్బన్ విస్కీ పీపాల్లో నెలల తరబడి ఉంచిన నల్ల బీరు. నాయన రుచి చూస్తానంటే బావ బెంగళూరు నుంచి తెచ్చాడు. వచ్చేసరికి నాయన లేడు.

తుమ్మచెట్టు మీది కాకులు చూశాయి గానీ దిగలేదు. లోపం ఎక్కడుందోనని చిన్నాయన ఆకు పక్కన పోసిపెట్టిన గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు.

"ఏమప్పా ఇది, మాడిన బెల్లంపాకం మాదిరి ఉండాది!"

మేనత్త కూడా చప్పరించింది. "కాఫీలో సారాయి పోసినారు."

నేనూ తాగాను. చేదు, తీపి, చివర కాలిన కట్టె వాసన. బాగుంది. ఆ మాట అక్కడ చెప్పలేకపోయాను.

"మా అన్న సల్లగా లేకుంటే ఎప్పుడన్నా తాగినాడా? ఐసు యాడ?" మేనత్త బావను నిలదీసింది.

"దీంట్లో ఐసు వేయకూడదమ్మా, రుచి పోతాది."

"తాగేది నువ్వా, మా అన్నా?"

చిన్నాయన సోడా అంగడికి పోయి ఐసు తెచ్చి గ్లాసులో వేశాడు. బావ మొహం తిప్పుకున్నాడు. కాసేపటికే ఒక కాకి దిగి గ్లాసులో ముక్కు ముంచింది. వానలు లేని ఏడు, ఏ కాకికైనా దాహమే. అది తెలిసీ ఏడ్చాను.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా ఇంట్లో ఎవరూ నాయన కోసం ఫ్రిజ్‌లో బీరు పెట్టడం లేదు.